వదిన కంట్లో డేగలు

ఆవిడ బతుకంతా సిటీ బస్సులో కండక్టరుగా గడిపిన మనిషి. కిక్కిరిసిన బస్సులో టిక్కెట్టు తీసుకోనివాడు ఏ మూల నక్కినా ఇట్టే పట్టేసేది. అలాంటి కళ్ళు రిటైరైతే మాత్రం ఊరుకుంటాయా? ఊరి చివర గుట్ట మీదున్న నీళ్ళ ట్యాంకెక్కి, ఆకులు రాలే కాలంలో చలికి ముందే దక్షిణానికి తరలిపోయే డేగల్ని లెక్కపెట్టే పనిలో పడింది. జీతం లేదు, భత్యం లేదు. పక్షుల సంఘం వాళ్ళు బైనాక్యులర్లు, గుప్పిట్లో పట్టే కౌంటరు ఇచ్చి ఒకే ఒక నియమం పెట్టారు. ఇద్దరు చూస్తేనే లెక్క.

ఆ రెండో మనిషి ఆమె మరిది. మెకానిక్ షెడ్డు కొడుక్కి అప్పగించి గోళ్ళు గిల్లుకుంటున్నవాణ్ణి తనే లాక్కొచ్చింది. ఆమె చూసి చెబుతుంది, అతను కూడా చూసుకుని కౌంటరు నొక్కుతాడు. గాల్లో గిరికీలు కొడుతున్నప్పుడు లెక్కపెడితే ఒకే డేగ పదిసార్లు పడుతుంది. ఆ గాలిసుడి వదిలి బయటికి జారుకునేటప్పుడే ఒక్కొక్కదాన్నీ పట్టుకోవాలి. స్టాపులో దిగేవాళ్ళని లెక్కపెట్టినట్టే అనేది ఆవిడ.

ఈ ఏడు ఆమె చూపు మరీ పదునెక్కింది. "అదుగో, బాగా పైన, చుక్కలా ఉంది చూడు," అనేది. మరిది కాసేపు మెడ నిక్కించి చూసి, కౌంటరు టిక్కుమనిపించేవాడు. ఆవిడ తన కళ్ళకి తనే మురిసిపోయేది.

ఉత్తరపు గాలి తిరిగిన రోజు డేగలు గుంపులు గుంపులుగా వస్తాయి. ఏడాదంతా కాచుకునేది ఆ ఒక్క రోజు కోసమే. అది ఇవాళేనని రేడియోలో చెప్పారు. పొద్దున ఇంకా పొగమంచు విడలేదు, పిట్ట కూడా ఎగరడం లేదు. ఆమె ట్యాంకు పైన తెల్లటి పిట్టగోడకి ఎదురుగా కూర్చుని ఫ్లాస్కులో టీ వంచుకుంటోంది.

గోడ మీద డేగలు ఎగురుతున్నాయి.

తల ఇటు తిప్పింది, అవీ ఇటే వచ్చాయి. అటు తిప్పింది, అటే పోయాయి. కళ్ళు మూసి తెరిచేసరికి కుడికంటి మూల తళుక్కుమని మెరిసింది. ఆమె ఫ్లాస్కు కింద పెట్టి మరిది వైపు తిరిగింది.

"నిన్న నేను చెప్పిన పైవాటిలో నీకెన్ని కనబడ్డాయి?" అని అడిగింది.

మరిది టీ గ్లాసులోకి చూస్తూ, "ఒక్కటీ కనబళ్ళేదొదినా," అన్నాడు.

"మరెందుకు నొక్కావు?"

"నువ్వు ఉందన్నాక లేదని నేనెలా అంటాను?"

"నా కంట్లో మచ్చలన్నిటినీ నొక్కి పెట్టావు కదయ్యా మహానుభావా," అంది. నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి, వాటి వెనకే భయం వచ్చింది.

మరిది అప్పటికప్పుడు కంటాసుపత్రికి ఫోన్ చేశాడు. మెరుపులు కూడా ఉంటే ఇప్పుడే తీసుకురండి, రేపటిదాకా ఆగితే ఆ కంటికి చూపు దక్కుతుందని చెప్పలేం అన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె చెంపకి చల్లగాలి తగిలింది. గాలి తిరిగింది.

"నువ్విక్కడే ఉండు. నేను బస్సులో పోతాను," అంది.

"ఒక్కణ్ణీ ఉండి ఏం చెయ్యను? ఇద్దరు చూస్తేనే కదా లెక్క."

"అయితే సాయంత్రం పోదాం. ఇవాళ్టిది పోతే మళ్ళీ ఏడాదికి గానీ రాదు."

"కన్ను పోతే ఏ ఏడాదికొస్తుంది?" అని ఎన్నడూ లేంది మరిది కసిరాడు. ఆవిడ అతని భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆ గాలిని తిట్టుకుంటూ కిందికి దిగింది.

ఆపరేషన్ అదే రోజు అయింది. కంటి వెనక ఊడిన పొర అతుక్కోవడానికి కంట్లో గాలిబుడగ పెట్టారు. కొన్నాళ్ళు బోర్లానే పడుకోవాలి, తల ఎత్తకూడదు. చూపు ఏమాత్రం తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేం అన్నారు. మర్నాడు ఆమె మంచం అంచున మొహం వేలాడేసుకుని, రెండో కంటితో నేల మీది పలకల్ని చూస్తుంటే మరిది బూట్లు వచ్చి నిలబడ్డాయి.

"మొహం కనబడట్లేదయ్యా," అంది.

అతను మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వంగి, నేల మీద వెల్లకిలా పడుకుని ఆమె మొహం కిందికి జరిగాడు.

"వచ్చాయా?"

"వచ్చాయొదినా. నిన్ను లోపలికి తీసుకెళ్ళాక, ఈ ఆసుపత్రి మీదుగానే పోయాయి. ఎంతసేపు పోయాయో."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదు. కిటికీ దగ్గర నిలబడి ఊరికే చూశాను."

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. కంటికి మంచిది కాదేమోనని పళ్ళు బిగించి ఆపుకుంది. తను లేకుండానే పోయాయి, ఒక్కటైనా లెక్కకి రాకుండా పోయాయి.

"పోనీ, ఎలా ఉన్నాయి?" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె ఎవర్నీ అడిగి ఎరగదు. మరిది కూడా తెల్లబోయి చూశాడు.

"ఉండు, చెబుతాను," అని తల కింద చెయ్యి పెట్టుకుని, నేల మీదే సర్దుకున్నాడు.