మూడు వేళ్ల వదులు

షెడ్డు మధ్య గుంతలో నిలబడి, తల మీదున్న పాతకారు అడుగుభాగంలో చెయ్యి ఆనించి, "ఆ... తిప్పండమ్మా" అన్నాడు మేస్త్రి.

పైన డ్రైవరు సీట్లో కూర్చున్న నర్సమ్మ స్టీరింగును కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా ఊపింది. ఇనుము ఎక్కడో టక్కుటక్కుమంది. ఎక్కడన్నదే తేలడం లేదు.

నలభై ఏళ్ల నాటి కారు అది. ఆవిడ పనిచేసిన ఆసుపత్రి పెద్ద డాక్టరుది. చూపు మందగించాక ఆయన దాన్ని ఆవిడకిచ్చేశాడు. స్టీరింగు మూడు వేళ్ల మేర తిరిగేదాకా చక్రాలు ఉలకవు, పలకవు. తిన్నని రోడ్డు మీద కూడా బండితో కుస్తీ పట్టాలి. అంతకుముందు ఇద్దరు మెకానిక్కులు చూసి, స్టీరింగు బాక్సు స్క్రూ బిగించి పంపారు. వదులు తగ్గలేదు సరికదా, మలుపుల్లో స్టీరింగు పట్టేయడం మొదలైంది.

"పన్ను నొప్పంటే చెవి మెలిపెట్టారమ్మా వాళ్లు. కంగారేం లేదు, నిమ్మళంగా చూద్దాం" అన్నాడు మేస్త్రి పొద్దున బండి చూడగానే.

ఆ ఊతపదం వల్లే వీధిలో అందరికీ అతను నిమ్మళం మేస్త్రి. పెళ్లి ఊసు వచ్చినప్పుడూ నిమ్మళంగా చూద్దామనే అన్నాడు. చూస్తూండగానే యాభై దాటాయి.

ఇలాంటి రోగం కనిపెట్టాలంటే ఇద్దరుండాలి. ఒకరు పైన ఊపుతుంటే, ఇంకొకరు కింద ఒక్కో కీలు మీదా వేళ్లు పెట్టి చూడాలి. అరిగిన చోట వేళ్లకి సన్నగా దెబ్బ తగులుతుంది. ఇరవై రెండేళ్లపాటు పై సీట్లో అతని తమ్ముడే కూర్చున్నాడు. తరవాత పెద్ద కంపెనీ వర్క్‌షాపులో పని దొరికి వేరే ఊరు వెళ్లిపోయాడు. మొదట్లో వారం వారం ఫోన్ చేసేవాడు. ఇప్పుడు మేస్త్రి చేస్తే, "పనిలో ఉన్నానన్నయ్యా, మళ్లీ చేస్తా" అంటాడు. ఎవరి బండి వస్తే వాళ్లనే సీట్లో కూర్చోమనడం మేస్త్రికి అలవాటైపోయింది.

"ఇంకోసారి తిప్పండి."

అది అయిదోసారి. ఎడమ కీలు, కుడి కీలు, మధ్య కడ్డీ అన్నీ తడిమాడు. చప్పుడు చెవికి వినిపిస్తోంది గాని వేళ్లకి ఏమీ అందడం లేదు. రెండు నెలలుగా కుడిచేతిలోంచి నట్లు జారిపోతున్నాయి. పట్టించుకోలేదు.

"దొరకలేదా మేస్త్రీ?"

అతను కాసేపటికి మెట్లెక్కి పైకొచ్చి, కారు తలుపు పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, మీరొకసారి దిగి చూస్తారా? నా వేళ్లకి తెలియడం లేదు."

ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. తమ్ముడితో కూడా.

ఆవిడ కొంగు నడుముకి దోపుకుని గుంతలోకి దిగింది. మేస్త్రి సీట్లో కూర్చుని ఊపడం మొదలుపెట్టాడు. కిందనుంచి ఆవిడ గొంతు వినిపిస్తోంది. "ఇది కాదు... ఇదీ కాదు... ఆగకండి, ఆగకండి. ఇదిగో! నాడిలా కొట్టుకుంటోంది!"

"ఎటుపక్క?"

"బాక్సుకి అవతలి పక్క. పొట్టి చెయ్యిలాంటిదొకటి ఉంది చూడండి, అక్కడ."

ఐడ్లర్ ఆర్మ్. కడ్డీని రెండోవైపు మోసే చిన్న భాగం. విప్పి చూస్తే లోపలి గుండ్రటి బుష్ అరిగి కోడిగుడ్డులా అయింది. పాత సామాన్ల డబ్బాలోంచి సరైనది వెతికి వేశాడు. అనవసరంగా బిగించిన బాక్సు స్క్రూ మళ్లీ సడలించాడు. ఆవిడ టార్చి పట్టుకుని, అడిగిన పానా అందించింది. చివరి నట్టు అందిస్తే అతని వేళ్లలోంచి జారి కింద పడింది.

"ఎన్నాళ్లుగా?"

"ఏంటమ్మా?"

"ఆ చెయ్యి."

"రెండు నెలలు. వయసు కదా."

"వయసు ఒక్క చేతికే వస్తుందా?"

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలి కొసా నొక్కుతూ తెలుస్తోందా అని అడిగింది. తన చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తుచేసుకోబోయి మానేశాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"నేనున్నాను."

ఆవిడ టార్చి ఆర్పింది. "ఒక్క పక్కే మొద్దుబారిందంటే తల్లో నరం సంగతేమో. పదండి, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం."

"ఈ మురికి చేతులతోనా? రేపు చూద్దాం లెండి."

"రేపు తొమ్మిదికల్లా వస్తాను. తయారుగా ఉండండి. మీ నిమ్మళం నా దగ్గర కుదరదు."

బండిని రోడ్డు మీద చూడ్డానికి ఇద్దరూ వెళ్లారు. ఆవిడే నడిపింది. స్టీరింగు చెప్పినమాట విన్నది. "ఇన్నాళ్లూ నాకే నడపడం రావట్లేదనుకున్నాను" అని ఆవిడ నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. షెడ్డు దగ్గర దిగి, కారు వీధి చివర మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా ఆవిడ వచ్చేసరికి షట్టరు సగం ఎత్తి ఉంది. వెనక తను ఉండే గదిలో మేస్త్రి గోడకి తల ఆనించి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా గుండీలు. ఎడమ బూటు లేసు కట్టి ఉంది. కుడిది కట్టబోయి వదిలేసినట్టుంది. పిలిచింది. పలకలేదు. మణికట్టు మీద వేళ్లు పెట్టి, అవసరమైనదానికంటే చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఒళ్లో ఉన్న అతని చేతుల్లో, గోళ్ల సందుల్లో కూడా, నలుపన్నది లేదు.

పక్క షెడ్డు వెల్డరును కేకేసింది. అతని దగ్గర నంబరు తీసుకుని తమ్ముడికి తనే ఫోన్ చేసింది. అన్నయ్య ఇక లేడని వినగానే తమ్ముడు పని వదిలి బయల్దేరాడు.

గది మూల కుళాయి గట్టు మీద, విప్పిన కాగితం పక్కన, కొత్త సబ్బు ఒక్క పూటకే సగం అరిగి, పగుళ్లలో నల్ల గ్రీజు నింపుకుని, ఇంకా తడిగానే ఉంది.