చక్రపాణి నేర్పిన తెలుగు

ఫార్మింగ్టన్ హిల్స్ కమ్యూనిటీ హాల్లో అడుగు పెట్టగానే విశ్వనాథానికి ముందుగా కనిపించింది చక్రపాణి బట్టతల. నలభై రెండేళ్లుగా పెళ్లిళ్లలో, వ్రతాల్లో, ఆఖరికి పళ్ల డాక్టరు దగ్గర కూడా ఆ తలకి వీపు తిప్పి కూర్చున్న మనిషి, ఇవాళ తనే ఫోన్ చేసి మరీ రప్పించాడు.

"వచ్చావా? మైక్ ఇవ్వగానే లేచి నిజం చెప్పు. చెప్పి ఇంటికి పో," అన్నాడు.

"కాఫీ అయినా తాగనిస్తావా, డైరెక్ట్‌గా ఉరేనా?" అంటూ చక్రపాణి విశ్వనాథం భార్య గిరిజ వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, మీ ఆయనకి బీపీ మాత్ర వేశావా?"

"వేశానన్నయ్యా. మీరొస్తున్నారని కాస్త ముందే వేశా."

ఆ సాయంత్రం ఊళ్లోని పాతకాపులంతా 'బార్న్ డోర్ అవర్'ని తలుచుకోవడానికి చేరారు. ఒకప్పుడు శనివారం ఆరింటికల్లా లోకల్ ఛానెల్లో వచ్చిన కంట్రీ మ్యూజిక్ షో అది. స్టూడియోలో నాలుగు గడ్డిమోపులు, ఓ చెక్క తలుపు, వాటి ముందు రస్టీ వ్యాగన్ బాయ్స్ అనే బ్యాండు. ఎనభై మూడులో ఏడు వారాలపాటు ఆ బ్యాండులో విశ్వనాథం ఉన్నాడు. వారమంతా కార్ల కంపెనీలో డ్రాయింగులు గీయడం, శనివారం కౌబాయ్ టోపీ పెట్టుకుని, చిన్నప్పుడు కీర్తనలకి నేర్చుకున్న మాండొలిన్ వాయించడం. పెట్టె మోస్తానని రూమ్మేట్ చక్రపాణి వెంట పడేవాడు.

ఏడో వారం బ్యాండు పెద్ద డేల్ వచ్చి, "మీవాళ్లు కూడా చూస్తున్నారటగా, మీ భాషలో ఓ మంచిమాట నేర్పండి," అన్నాడు. విశ్వనాథం తీగలు సవరించుకుంటున్నాడు. చక్రపాణి నేర్పాడు. షో మొదలవగానే డేల్ టోపీ తీసి గుండెకి ఆనించుకుని, కెమెరాలోకి మహా భక్తిగా చూస్తూ అన్నాడు:

"నా మొహం చూడలేరు, ఛానెల్ మార్చుకోండి!"

తెలుగిళ్లలో జనం సోఫాల మీంచి కిందకి దొర్లారు. ఎవరో పెద్దమనిషి ఛానెల్‌కి ఫోన్ చేసి అర్థం చెప్పేశాడు. సోమవారం డేల్ టోపీ ఇచ్చెయ్యమన్నాడు. నీ స్నేహితుడితో నువ్వే చెప్పించావన్నాడు, నాకేం తెలీదు మొర్రో అంటే వినలేదు. సాక్ష్యం చెప్పాల్సిన చక్రపాణి అప్పటికే కొత్త ఉద్యోగమని చికాగో చెక్కేశాడు. ఏడాదికి తిరిగొచ్చి ఇదే ఊళ్లో స్థిరపడ్డా విశ్వనాథం మళ్లీ అతని మొహం చూడలేదు.

ఇప్పుడు ఆ డేల్ స్టేజీ మీద చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎనభై ఎనిమిదేళ్లు. పోయేలోపు ఆయన నోటితో "తప్పు నీది కాదు" అనిపించుకోవాలని విశ్వనాథం పంతం.

మైక్ వచ్చింది. చక్రపాణి లేచాడు. "డేల్, ఆ రోజు ఇతనికి తెలియకుండా, మంచిమాటని చెప్పి నీకు అది నేర్పిన వెధవని నేనే. ఇతను అమాయకుడు. ఇప్పటికీ అంతే, జోకు చెబితే అర్థం కాదు," అని ఇంగ్లీషులో ఒప్పేసుకున్నాడు. హాలు గొల్లుమంది. విశ్వనాథం ఛాతీ రెండంగుళాలు పొంగింది.

డేల్ కూడా నవ్వాడు. "ఇతని తప్పు లేదని నాకా రోజే తెలుసు. మెచ్చుకుంటూ ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. ప్రతి వారం ఆ మాట చెప్పమని మేనేజరు వెంటపడ్డాడు కూడా."

"మరి నన్నెందుకు తీసేశావు?"

డేల్ నవ్వు ఆగింది. "విషీ, నువ్వు ఒక్క నోటునీ ఊరికే ఉండనివ్వలేదు. మేం ఆగిన చోట నువ్వు దాన్ని పట్టుకుని మీ పాటల్లోలాగా ఊపేవాడివి. నువ్వుంటే మానేస్తానన్నాడు మా ఫిడేలు అతను. మొహం మీద చెప్పలేక ఆ వంక వాడుకున్నాను."

చక్రపాణి మెల్లగా విశ్వనాథం చెవి దగ్గరకి వంగి, "అయితే నా మీద కేసు కొట్టేసినట్టేనా?" అన్నాడు.

"నోర్మూసుకో."

"నలభై రెండేళ్లు తిట్టావురా. వాటి సంగతేంటి?"

"ఉంచుకో! ఇంకా తిడతా!"

విశ్వనాథం విసురుగా స్టేజీ ఎక్కాడు. వాయించడానికి వచ్చిన కుర్రవాడి చేతిలోంచి, అడగను కూడా అడక్కుండా మాండొలిన్ లాక్కున్నాడు. "ఊపేవాణ్ణా? విను!" అని షో మొదట్లో వచ్చే పాట ఎత్తుకున్నాడు. మొదటి నాలుగు నోట్లు చెక్కల్లా నిటారుగా వచ్చాయి. అయిదోది పొడుగైనది. అక్కడ ఎడమచేతి వేలు తనంతట తానే జారింది, ఊగింది, తిరిగి వచ్చింది. విశ్వనాథం ఆగిపోయాడు. డేల్ కనుబొమ్మలు మాత్రం పైకి లేపాడు.

ఆ కనుబొమ్మలు చూడగానే విశ్వనాథానికి తిక్క రేగింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ఒక్కదాన్నీ వదల్లేదు. ప్రతి నోటునీ పట్టి ఊపి, మెలితిప్పి, డేల్ మొహానికి జానెడు దూరంలో కొట్టాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"ఆపమని చెప్పండన్నయ్యా," అంది గిరిజ.

"నేనెందుకు చెప్తాను చెల్లెమ్మా? ఇందులో నా చెయ్యి లేదని ఇప్పుడేగా తేలింది!"

డేల్ జారుకుందామని కుర్చీ బ్రేకు తడుముకుంటున్నాడు. విశ్వనాథం చక్రానికి కాలు అడ్డం పెట్టి రెండో చరణం అందుకున్నాడు.