గ్యాస్ అడ్డమొచ్చిన చోటు

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను గానీ, అర్థం తెలిసిన మాట దగ్గరే ఆగిపోతాను. వైశాఖంలో నా భార్య సమ్మమ్మకు కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీయించాం. ఆ రిపోర్టులో నాకు తెలిసిన మాట ‘గ్యాస్’ ఒక్కటే. ప్రాణం కుదుటపడింది. రిపోర్టు పట్టుకుని మళ్లీ రమ్మన్న డాక్టరు దగ్గరికి పోలేదు. రోజూ వాము నీళ్లు కాచి ఇచ్చాను. మట్టెవాడలో మా పూజా సామాన్ల దుకాణం తెరిచి దీపం పెట్టేటప్పుడల్లా, గ్యాసుతోనే సరిపెట్టినందుకు అమ్మవారికి దండం పెట్టుకునేవాణ్ణి.

ఆషాఢానికి సమ్మమ్మ కళ్లు పచ్చబడ్డాయి. పక్కింటి నవ్య బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆమెకు రిపోర్టు చూపించాను.

“గ్యాస్ రోగమని కాదు కాకా. ‘పార్షియల్లీ అబ్‌స్క్యూర్డ్’ అని రాసిండ్రు.”

“అంటే?”

“కడుపుల క్లోమం అని ఉంటది. పేగులల్ల గ్యాస్ అడ్డమొచ్చి అది సగమే కనవడ్డదట. పెద్ద స్కాన్ తీయించుమని కింద రాసిండ్రు.” నవ్య కాగితం మడిచింది. “ఇన్నొద్దులు ఎవ్వరికి చూపెట్టలేదా?”

నేను చెయ్యి చాపి కాగితం తీసుకున్నాను.

పెద్ద స్కాన్ అయ్యాక డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి ‘మాస్’ అన్నాడు. నా ముఖం చూసి, గడ్డ అన్నాడు. పాకిందన్నాడు. ఆపరేషన్‌కు వేళ దాటిందన్నాడు.

ఆటోలో సమ్మమ్మ అడిగింది. “ఏమన్నడు?”

“మాస్ అట.”

“మాస్ అంటే సినిమాలల్ల హీరోలు గదయ్యా. నా కడుపుల ఏ హీరో ఉన్నడు?”

ఆటో అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సమ్మమ్మ కాసేపు నన్నే చూసి, “భద్రకాళి గుడికి పోనియ్యి తమ్మీ,” అంది.

శాకంబరి రోజులు. వంకాయల దండలు, దొండకాయల దండల మధ్య అమ్మవారి ముఖం ఒక్కటే కనిపిస్తోంది. ఇన్నేళ్లూ ఆ కనిపించినంతకే మొక్కాను. ఆ రోజు మాత్రం అడిగాను. తల్లీ, సగం చూసి నమ్మడం నీ దగ్గరే నేర్చుకున్నాను. అది తప్పయితే శిక్ష నాకు కదా వేయాలి, ఆమెకెందుకు?

బయట మెట్ల మీద కూర్చున్నాక సమ్మమ్మ అంది. “ఇంగ్లీష్ల దాస్తే సగమే దాగుతదయ్యా. తతిమ్మ సగం నీ మొఖంల కనవడ్తాంది. తెలుగుల చెప్పు.”

“గడ్డ,” అన్నాను.

“వాము నీళ్లు తాగినప్పుడు గూడ ఉండెనా?”

అంతా చెప్పాను. డాక్టరు మళ్లీ రమ్మన్నది, నేను పోనిది, గ్యాస్ అన్న మాట దగ్గర ఆగిపోయింది.

సమ్మమ్మ ఒళ్లో ఉన్న ప్రసాదం కొబ్బరిచిప్పకున్న పీచు గిల్లింది.

“నాకైతే చదువు రాదు,” అంది చివరికి. “నీకు వచ్చనుకున్న.”

ఎప్పుడూ నా భుజం పట్టుకుని లేచే మనిషి, ఆ రోజు పక్కనున్న ఇనుప కమ్మి పట్టుకుని లేచింది.