వాడకంలో లోపం

గురువులు బండికి స్టాండు వేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, పెట్రోలు మీటరులో సున్నా చూశాడు. బంకులో అమ్మాయి గొట్టం పట్టుకుని విసుగ్గా నిలబడింది.

"సూసీసేరా?" అంది.

చూశాడు గానీ, గొట్టం ట్యాంకులో పెట్టాక ఇంకోసారి చూశాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టుకోనీ. దేవుడు కళ్ళిచ్చింది చూడ్డానికే కదా.

యాభై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మూత తీసి లోపలికి చూస్తున్నట్టు కాస్త ముందుకు వంగి నడుస్తాడు. కుడి బొటనవేలి గోరు ఏనాడో ఇంజిను బెల్టులో నలిగి నల్లగా ఉండిపోయింది. కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయినా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుంటాడు. పొద్దున్న భార్య మహాలక్ష్మమ్మ క్యారియర్ కట్టి ఇస్తే మూత తీసి చూసుకుని మరీ బయల్దేరాడు.

"ఇసం ఎట్టీసేననుకున్నావేటి?" అంది ఆవిడ. ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. ఈయన మూత తీస్తూనే ఉన్నాడు. చేపల పులుసులో ముక్కలు ఎన్నున్నాయో చూసుకోకపోతే ఆయనకి రోజు మొదలవదు.

బండి తియ్యబోతుంటే ఫోను మోగింది. సూపర్‌వైజరు దేవీప్రసాద్. వయసులో గురువులు కంటే ఇరవయ్యేళ్ళు చిన్న.

"గురువులు బావా, ఇయ్యాల మధురవాడ కాఫీ మిషనే కదా?"

"అదే."

"మూడోసారి బావా. ఆ సుమంత్ గారు పైవోళ్ళకి మెయిల్ మీద మెయిల్ ఎట్టేత్తన్నాడు. ఈసారీ నీ పనిలో లోపమని పడిందనుకో, నానేటీ సెయ్యలేను. బ్యాగూ ఐడీ కార్డూ ఇచ్చీమంటారు."

"నా పనిలో తప్పు నేదు."

"నేదని నాకు తెలుసు. యాప్‌లో పడాల కదా."

దేవీప్రసాద్ 'బావా' అన్నప్పుడల్లా గురువులుకి అనుమానమే. వాడి బావమరిది ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడని ఎవరో చెప్పారు. అందుకే ఈ కేసు మళ్ళీ మళ్ళీ తన నెత్తినే పడేస్తున్నాడేమో.

రిపేరు అయ్యాక యాప్‌లో మూడు కారణాల్లో ఒకటి నొక్కాలి. పార్టు లోపం, పనిలో లోపం, వాడకంలో లోపం. ఏది నొక్కినా, కస్టమరు ఫోనుకి వచ్చిన నాలుగంకెలు ఆయన చెబితేగానీ పని ముగిసినట్టు కాదు. కంపెనీవాళ్ళు దానికి హ్యాపీ కోడ్ అని పేరు పెట్టారు. ఎవరి హ్యాపీయో గురువులుకి ఇప్పటికీ అర్థం కాలేదు. కస్టమరు కోపంగా ఉంటే ఆ నాలుగంకెల కోసం గుమ్మం దగ్గర గంటసేపు నిలబడ్డ రోజులున్నాయి.

మొదటిసారి ఆ మిషన్ నీళ్ళు వదలట్లేదంటే సున్నం పేరుకుందనుకుని ద్రావకం పోసి కడిగాడు. పది రోజులకి మళ్ళీ ఆగింది. వాల్వు మార్చాలన్నాడు. అది చెన్నై నుంచి రావడానికి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ సుమంత్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం, వాళ్ళు 'మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం' అని పాట వినిపించడం. వాల్వు వచ్చింది, వేశాడు, కాఫీ దిగింది. మూడు వారాలకి మళ్ళీ మొదటికొచ్చింది.

బీ బ్లాకు, ఏడో అంతస్తు. తలుపు తీసింది వంటమనిషి చిట్టమ్మ. నలభై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా సబ్బు నురగ. గురువులు ఆమెని కిందటిసారే అనుమానించాడు. పింగాణీ పళ్ళెం కింద పెట్టేటప్పుడు చప్పుడు చేసే మనిషి మిషన్‌ని మాత్రం వదిలిపెడుతుందా అని.

హాల్లో సుమంత్ తల్లి నాగమణి టీవీ ముందు కూర్చుని ఉంది. తగరపువలస నుంచి కొడుకు దగ్గరికొచ్చి రెండేళ్ళయిందట. సుమంత్ మెడలో హెడ్‌ఫోన్లతో గదిలోంచి వచ్చాడు.

"మళ్ళీ మీరేనా?" అన్నాడు.

"ఇశాకపట్నంలో ఈ మిషన్‌కి నానొక్కణ్ణే సార్."

గురువులు వంటింటి గుమ్మంలో పాత తువ్వాలు పరిచి, సామాను ఒక్కొక్కటే తీసి, పైకి లెక్కపెడుతూ వరసగా పేర్చాడు. ఇరవై మూడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ అలాగే లెక్కపెట్టి, బ్యాగు నోరు తెరిచి చూపించి మరీ వెళ్తాడు. అడక్కపోయినా చూపిస్తాడు. కొందరు నవ్వుతారు. కొందరు నిజంగానే తొంగిచూస్తారు.

ఇదంతా ఊరికే రాలేదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఫిషింగ్ హార్బరు దగ్గర పడవ ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. జాలరి ఇంట్లో పుట్టి, వల పట్టకుండా పానా పట్టినందుకు తండ్రి ఏడాదిపాటు మాట్లాడలేదు. అయినా గురువులు ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఒకరోజు షెడ్డులో ఇత్తడి వాల్వు ఒకటి పోయింది. ఓనరు ఆరుగురినీ వరసగా నిలబెట్టి, చివరికి గురువులు వైపు వేలు చూపించాడు. మిగతా అయిదుగురిలో తీసినవాడెవడో ఒకడున్నాడు, చూసినవాడూ ఒకడుండే ఉంటాడు. ఎవరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత హార్బరులో ఏ షెడ్డూ అతన్ని రానివ్వలేదు. కాఫీ పొడి మిల్లులో మోటార్లు, తర్వాత ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు, ఇప్పుడీ విదేశీ కాఫీ మిషన్లు. ఆ అయిదుగురిలో ఇద్దరు పోయారు. చచ్చినవాళ్ళని కూడా అతను అనుమానంలోంచి వదల్లేదు.

మిషన్ నల్లగా నిగనిగలాడుతోంది. పక్కనే గాజుసీసాలో కూర్గ్ కాఫీ గింజలు. గురువులు ముందు పలక విప్పి, నీళ్ళు చిలకరించే జల్లెడ బయటికి తీశాడు. చిల్లులన్నీ పూడిపోయి ఉన్నాయి. నల్లటి బంక. గోటితో గీరి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడిన బెల్లంలాంటి వాసన. కాఫీ మిల్లులో ఆరేళ్ళు పీల్చిన వాసన అది. నిద్రలో కూడా పోల్చుకోగలడు.

తప్పు తనది కాదు.

"సార్, ఓసారి రండి. ఇది సున్నం కాదు. సికోరీ, ఫిల్టరు కాఫీలో కలుపుతారే, ఆ దుంప పొడి. ఎవులో ఫిల్టరు కాఫీ పొడి ఏశారు ఇందులో. తడి తగిల్తే జిగురైపోద్ది. లోపలికెళ్ళి వాల్వు మూసీసింది."

"చికోరీనా? మా ఇంట్లోనా?" సుమంత్ నవ్వాడు, మంచి నవ్వు కాదు. "మొన్న వాల్వు వేసింది మీరు. అది కొత్తదేనని నాకేం నమ్మకం?"

"సీలు మీ ముందే కత్తిరించాను సార్. ఫోటో కూడా ఉంది."

"ఫోటోదేముంది, ఎలాగైనా తీయొచ్చు. ఇప్పుడు వారంటీ రాకుండా వాడకంలో లోపం అని రాస్తారు, అంతేగా? నేను ఒప్పుకోను. కోడ్ ఇవ్వను."

గురువులు మంచినీళ్ళు అడిగాడు. సింకు దగ్గరున్న చిట్టమ్మ చేతులు కడుక్కునే లోపే నాగమణి లేచి తనే గ్లాసు తెచ్చింది. ఇంతసేపూ జల్లెడ మీది బంకని సుమంత్ చూశాడు, చిట్టమ్మ మెడ సాచి చూసింది. నాగమణి ఒక్కతే అటు చూడలేదు, అదేంటని అడగలేదు. గ్లాసు అందుకుంటుంటే ఆవిడ వేళ్ళు కనిపించాయి. చివర్ల గీతల్లో గోధుమరంగు. అదే వాసన.

గురువులు తల ఎత్తాడు. ఆవిడ కళ్ళల్లో భయం చూశాడు. దొంగతనం చేసినవాళ్ళ భయం కాదు, పెద్ద వయసులో కొడుకు చేత తిట్లు తినాల్సొచ్చే మనిషి భయం. గ్లాసు అతని చేతిలో వదిలి, కొంగులో చేతులు దాచుకుని వెళ్ళి కూర్చుంది.

సుమంత్ ఇంకా లెక్కలు వేస్తున్నాడు. "ఎవరు వేస్తారండీ? మా ఆవిడ రెండు నెలల్నుంచి బెంగళూరులో ఉంది. అమ్మ దాని దగ్గరికే రాదు. పంచదార వేసి పాడుచేస్తుందని ముట్టుకోవద్దని నేనే చెప్పాను." సింకులో కుళాయి ధార పడుతోంది. సుమంత్ అటు తిరిగాడు.

"చిట్టమ్మా, నువ్వా?"

కుళాయి ఆగింది. "నానా? నాను టీ తప్ప తాగను బాబూ. దాన్ని తుడవాలంటేనే నాకు బయం."

"మరి ఇంకెవరు? పొద్దున్నే నేను లేవకముందు ఈ వంటింట్లో ఎవరుంటారు?"

చిట్టమ్మ హాలు వైపు ఒక్క క్షణం చూసింది. నాగమణి రిమోటు తీసుకుని టీవీ చప్పుడు కాస్త పెంచింది. చిట్టమ్మకి తెలుసు. తెలిసీ ఆ మాట ఆమె అనలేదు. అంటే ఎవరు నమ్ముతారు? అందుకే గురువులు వైపు తిరిగింది.

"అన్నా, మీరు మిషన్ ఇప్పి సూసేరు కదా. ఎవులేసేరో మీకు తెలిసిపోద్ది. మీరు సెప్పండి."

ఒక్క మాట చాలు. అమ్మగారి వేళ్ళు చూడండి సార్, అంటే చాలు. అంటే ఏమవుతుంది? తల్లిని అంటావా అని సుమంత్ మీద పడతాడు. కోడ్ ఇవ్వడు. సాయంత్రానికి దేవీప్రసాద్ బ్యాగు అడుగుతాడు. యాభై నాలుగేళ్ళ మెకానిక్‌ని మళ్ళీ ఎవడు పెట్టుకుంటాడు? మహాలక్ష్మమ్మ మోకాళ్ళ నొప్పులతో చేపల గంప ఎత్తలేక మూడేళ్ళయింది. ఇక్కడ ఎలాగూ ఎవరి మీదో ఒకరి మీద పడాలి. ఈసారి తన మీద పడలేదు.

"నాకేటి తెలుసమ్మా," అన్నాడు గురువులు. "నాను మిషన్ వరకే సూస్తాను." జల్లెడ తుడుస్తూ అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు సుమంత్. "గేట్ పాస్ ఇక్కడ పెట్టేసి వెళ్ళు. సెక్యూరిటీవాళ్ళతో నేను మాట్లాడతాను."

చిట్టమ్మ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. సగం తోమిన బాణలి పూర్తిగా తోమి, కడిగి, బోర్లించింది. మెడలోంచి కార్డు తీసి మిషన్ పక్కన పెట్టింది. హాల్లోంచి వెళ్తూ నాగమణి దగ్గర ఆగింది.

"ఎల్లొత్తానమ్మా. కుక్కర్లో పప్పు ఎట్టేను. మూడు కూతలొచ్చేక కట్టీండి."

"ఊఁ," అంది నాగమణి టీవీలోంచి కళ్ళు తిప్పకుండా.

తలుపు మూసుకుంది, నెమ్మదిగా. ఈసారి ఏ చప్పుడూ చెయ్యలేదు ఆ మనిషి.

గురువులు జల్లెడ బిగించాడు, వాల్వు కడిగి పెట్టాడు, మీట నొక్కాడు. తేనెరంగు ధార సన్నగా కప్పులోకి దిగింది. సుమంత్ తాగి చూసి తల ఊపాడు. ఫోను చూస్తూ నాలుగంకెలు చదివాడు. గురువులు 'వాడకంలో లోపం' నొక్కి వాటిని కొట్టాడు. పచ్చటి టిక్కు పడింది. నిమిషంలో దేవీప్రసాద్ దగ్గర్నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

అలవాటు ప్రకారం బ్యాగు నోరు తెరిచి చూపించబోయాడు.

"అయ్యో, వద్దండీ," అన్నాడు సుమంత్. "మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను. సారీ."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. గురువులు తెరిచిన బ్యాగుతో అలాగే నిలబడ్డాడు. ఈ మాట కోసం ముప్పై ఏళ్ళు ఎదురుచూశాడు. ఆ షెడ్డు ఓనరు ఏనాడైనా ఇంటికొచ్చి ఇలా అంటాడని, అప్పుడు తను ఏమనాలో కూడా కొన్నాళ్ళు అనుకుని పెట్టుకున్నాడు. ఇవాళ ఒక మనిషి అననే అన్నాడు. గురువులుకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. ఆరోజు షెడ్డులో చూసినవాడు ఎలా ఊరుకున్నాడో ఇప్పుడు తెలిసింది. వాడు కూడా ఏదో తుడుచుకుంటూనే ఉండి ఉంటాడు.

నాగమణి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. కుక్కరు మొదటి కూత వేసింది.

"మిషన్ ఇంక బాగానే ఉంటాదా బాబూ?"

"ఆ పొడి ఎయ్యకుంటే ఉంటాదమ్మా."

"ఎవులేత్తారు ఇంక," అంది ఆవిడ చాలా మెల్లగా.

గురువులు తువ్వాలు మడిచాడు. సామాను లెక్కపెట్టలేదు. బ్యాగు భుజాన వేసుకుంటూ ఒక్కసారి వెనక్కి చూశాడు. మిషన్ పక్కన గేట్ పాస్ వెల్లకిలా పడి ఉంది. పైన అపార్ట్‌మెంట్ పేరు, కింద 'చిట్టమ్మ, వంటపని', మధ్యలో జడ ముందుకు వేసుకుని, కొత్త చీరలో, ఫోటో కోసం బొట్టు పెద్దగా దిద్దుకున్న మనిషి ముఖం, ఆ ముఖం మీద ఇంకా ఆరని సబ్బు నీళ్ళు.