పక్కగది గొంతు

“ఏం నొక్కావు?” అని అడిగారు మా ఆయన, తలుపు దగ్గరే నిలబడి.

నేనేమీ నొక్కలేదు. నిన్న పని ముగించి లాప్‌టాప్ మూయబోతుంటే, కొత్త అప్‌డేట్ ఉంది, చేసుకోనా అని అదే అడిగింది. సరేనన్నాను. పొద్దున పాపని స్కూలు బస్సు ఎక్కించి, అత్తగారికి టీ ఇచ్చి, మెషీన్‌లో బట్టలు వేసి, చెయ్యి తుడుచుకుని వచ్చి తెరిస్తే కంపెనీ బొమ్మ వచ్చింది. దాని కింద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తిరిగి తిరిగి ఒకచోట బిగుసుకుపోయాయి. ఆపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. ఇదంతా ఆయనకి చెప్పబోయాను. సగంలోనే అడ్డుకుని, మనం ఏదో ఒకటి నొక్కకుండా దానంతట అది ఎందుకు ఆగుతుంది, ఇంక దాన్ని కెలక్కు, సాయంత్రం ఖాళీ దొరికితే చూస్తాను అని పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. కంప్యూటర్లు బాగుచేయడమే ఆయన ఉద్యోగం. ఆఫీసులో ఎవరి మిషను మొరాయించినా ఫోను ఆయనకే.

ఆ పక్కగది ఒకప్పుడు మా పడకగదిలో సగం. ఆయన వారంలో సగం రోజులు ఇంటినుంచే పనిచేయడం మొదలయ్యాక, మధ్యలో చెక్కతో గోడ కొట్టించి ఆయనకి ఆఫీసు చేశారు. నా బల్ల ఇవతల, ఇస్త్రీ బట్టల కుప్పకీ మంచానికీ మధ్య ఉంది. నాదీ ఉద్యోగమే అని ఇంట్లో ఎవరూ కాదనరు. అవునని కూడా అనరు. “కూర్చుని టైపు చేసుకోవడమేగా” అంటారు అత్తగారు, పొట్లకాయో పప్పో పక్కన పెట్టి పోతూ.

డాక్టర్లు తాము చూసిన రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసి పంపుతారు. నేను చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కి ఆపుతూ, మళ్ళీ వింటూ టైపు చేస్తాను. మధ్యాహ్నానికల్లా ఫైళ్ళు పంపకపోతే అవి ఇంకొకరికి వెళ్ళిపోతాయి. పోయిన నెల పాపకి జ్వరం వచ్చినప్పుడు ఒకసారి అలాగే వెళ్ళాయి. ఇంకోసారి జరిగితే మిమ్మల్ని ఉంచడం కష్టమని మా సూపర్‌వైజర్ మర్యాదగానే చెప్పింది. ఏళ్ళ తరబడి ముఖాలు చూడకుండా గొంతులే వినడం వల్ల నా చెవికొక గుణం అబ్బింది. ఏ డాక్టరు నిద్రలేకుండా వచ్చాడో, ఎవరికి ఆ రోగి మీద జాలి ఉందో, ఎవరు గడియారం చూసుకుంటూ మాట్లాడుతున్నారో మాట పట్టి చెప్పేయగలను.

అందుకే పక్కగదిలో ఫోను మోగి, ఆయన “చెప్పండి మేడమ్” అన్నప్పుడు, మడతపెడుతున్న దుప్పటి నా చేతుల్లో అలాగే ఉండిపోయింది.

మేడమ్‌ని నేను చూడలేదు. ఆయన ఆఫీసులో లెక్కల విభాగంలో ఈమధ్యే చేరిన మనిషి. భోజనాల దగ్గర ఆవిడ ప్రస్తావన అప్పుడప్పుడూ వస్తుంది. చాలా పద్ధతైన మనిషట. చెప్పింది శ్రద్ధగా వింటుందట. ఆ మాట అన్న రోజు ఆయన పళ్ళెంలో వడ్డిస్తున్నది నేనే. నేను పన్నెండేళ్ళుగా వింటున్నాను కదా, ఆ మాట నా గురించి ఎవరి భోజనాల దగ్గరైనా అన్నారా అనుకున్నాను. పైకి మాత్రం ఇంకాస్త వేసుకోమన్నాను.

“అయ్యో, మీ తప్పేం లేదండీ,” అంటున్నారు ఆయన చెక్కగోడ అవతల. “అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి ఇలా బిగుసుకుపోతాయి. కంగారుపడకండి. తొందరేం లేదు, నిదానంగా చూద్దాం.”

అదే జబ్బు, అదే అప్‌డేట్, ఒకే పొద్దున. ఆవిడ మిషను బిగుసుకుపోతే దానిది తప్పు, నాది బిగుసుకుపోతే నాది తప్పు. కానీ నన్ను కాల్చింది ఆ న్యాయం కూడా కాదు. ఆ గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. పెళ్ళి కుదిరాక ముహూర్తం దాకా ఉన్న నెలల్లో ఫోనులో నాకు వినిపించిన గొంతది. ‘భోంచేశారా’, ‘ఇబ్బంది అయితే తర్వాత చేస్తాను’, ‘మీరేమంటారు’. ఆ ‘మీరు’ వింటూ ఫోను పట్టుకున్న అరచెయ్యి చెమటపట్టేది. పెళ్ళయిన కొత్తల్లో నేనే నవ్వి, ఇంకా మీరేమిటండీ, దూరంగా ఉన్నట్టుంది అన్నాను. నువ్వు అన్నారు. ఎంత పొంగిపోయానో. తర్వాత ఆ నువ్వు కూడా అరిగి ‘ఇదిగో’ అయింది, ‘ఎక్కడున్నావ్’ అయింది, కొన్నాళ్ళకి పిలుపే లేకుండా నేరుగా పని పేరు మాత్రం మిగిలింది. ‘టవలు.’ ‘నీళ్ళు.’ ఆ మెత్తని గొంతు వయసుతోపాటు పోయిందనుకున్నాను, జుట్టు పోయినట్టు. ఏమీ పోలేదు. భద్రంగా ఉంది. చెక్కగోడకి అవతల, ఎవరికోసమో, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది.

గోడకి దగ్గరగా జరిగాను. సిగ్గేసింది గానీ జరిగాను. ఆవిడ మాట నాకు వినబడదు, ఆయనది మాత్రమే. ఆవిడ ఎలా ఉంటుందో, ఇప్పుడు ఏ గదిలో కూర్చుని ఉంటుందో, పక్కన ఇస్త్రీ బట్టలు ఉంటాయో లేదో అని ఊహించుకున్నాను. నా ఊహలో ఆవిడ బల్ల మీద లాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. అది చూసి ఇంకా కుళ్ళుకున్నాను.

“ముందు ఛార్జరు తీసేయండి. మౌసూ, ప్రింటరు వైరూ, ఏవేవి గుచ్చి ఉన్నాయో అన్నీ లాగేయండి. తీసేశారా? మంచిది.”

నా బల్ల దగ్గరికి వెళ్ళి నేనూ లాగేశాను. ఛార్జరు, మౌసు, పెడల్ వైరు. ఎందుకు లాగానో ఆ క్షణంలో నాకే తెలియదు. ఆవిడకి ఇస్తున్నది నాకూ కావాలనిపించింది, అంతే.

పవర్ బటన్ పూర్తిగా ఆరిపోయేదాకా పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆన్ చేసి, బొమ్మ రాగానే మళ్ళీ ఆపేయమన్నారు. ఆవిడ భయపడినట్టుంది. “ఏం కాదండీ, కావాలనే ఆపుతున్నాం. రెండు మూడుసార్లు అలా ఆపేస్తే దానికే అనుమానం వచ్చి, నాకు ఒంట్లో బాగాలేదని ఒప్పుకుంటుంది” అని నవ్వారు. ఆయనకి జోకులు వచ్చని నేను మరిచిపోయి ఎన్నాళ్ళయిందో. ఆవిడ కూడా నవ్వే ఉంటుంది. నేను నవ్వలేదు. పళ్ళు బిగబట్టి బటన్ నొక్కాను, వదిలాను, మళ్ళీ నొక్కాను. మూడోసారికి చుక్కలు మాయమై నీలం తెర వచ్చింది.

“వచ్చిందా?” అన్నారు గోడ అవతల.

వచ్చిందండీ అన్నాను, పెదవులు కదలకుండా.

ట్రబుల్‌షూట్ అన్నది నొక్కమన్నారు, తర్వాత అడ్వాన్స్‌డ్ అన్నది. అక్కడ అప్‌డేట్ తీసేసే వరస ఉంటుంది, లోపలికి వెళితే రెండు కనిపిస్తాయి, వాటిలో... సరిగ్గా అప్పుడే అత్తగారు హాల్లోంచి కేకేశారు. మెషీన్ ఎప్పుడో ఆగిందట, బట్టలు ముద్దై ముక్కిపోతాయట, ఎండ పోతే ఎలాగట. ఆ కేకలో ఆయన మాట కొట్టుకుపోయింది. తెర మీద రెండు గళ్ళు ఉన్నాయి. ఏది నొక్కాలో తెలియదు. తప్పుది నొక్కితే ఉన్నది కూడా పోతుందేమో. తలుపు తీసి అడగొచ్చు. అడిగితే ఏ గొంతు వస్తుందో తెలుసు. వస్తున్నానండీ అని అత్తగారికి చెప్పి, కదలకుండా కూర్చున్నాను.

“మళ్ళీ చెప్తాను, దాందేముంది,” అన్నారు ఆయన. “రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎవరైనా తడబడతారు. క్వాలిటీ అప్‌డేట్ అని ఉన్నది తీసేయండి. రెండోది ముట్టుకోకండి.”

ఆవిడకీ అర్థంకాలేదన్నమాట. అడిగిందన్నమాట. విసుక్కోరని నమ్మకం ఉంది కాబట్టి అడిగింది. ఆవిడంటే ఒళ్ళు మండుతూనే, ఆవిడ అడిగినందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

క్వాలిటీ అన్నది నొక్కాను. ఇప్పుడు కాసేపు పడుతుంది, మధ్యలో ఆపకండి, ఈలోపు టీ తాగి రండి అన్నారు ఆయన. ఆవిడ టీ తాగిందో లేదో. నేను వెళ్ళి బట్టలు ఆరేశాను. దండెం మీద ఆయన చొక్కాలు దులిపి దులిపి వేస్తుంటే అత్తగారు బయటికి వచ్చి, వాడు ఎవరితోనో ఎంత ఓపిగ్గా మాట్లాడుతున్నాడో చూడు అని మురిసిపోయారు. పాపం ఎవరో ఆడమనిషిలా ఉందత్తయ్యా, నాది కూడా పాడైందంటే సాయంత్రం అన్నారు అన్నాను. అత్తగారు నా భుజం తట్టి, నాకు మంచి మాట చెబుతున్నట్టే చెప్పారు.

“బయటివాళ్ళతో మెత్తగా ఉండాలమ్మా, రేపు అవసరపడతారు. ఇంట్లోవాళ్ళదేముంది, ఎక్కడికి పోతారు?”

గదిలోకి వచ్చేసరికి లాప్‌టాప్ తెరుచుకుని ఉంది. నా పాస్‌వర్డ్ అడుగుతోంది. గోడ అవతల ఆయన ఆవిడని మెచ్చుకుంటున్నారు. చాలా బాగా చేశారండీ అంటున్నారు. నేను కూర్చుని, ఆ మాట పూర్తయ్యేదాకా విని, అప్పుడు పెడల్ వైరు మళ్ళీ గుచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ఫైళ్ళు సరిగ్గా మధ్యాహ్నం గడువుకి అందేలా పంపగలిగాను. ఆయన ఫోను నా బల్ల దగ్గర ఛార్జింగుకి పెట్టి స్నానానికి వెళ్ళారు. అది మోగింది. తెర మీద ‘మేడమ్’. అంతకుముందెప్పుడూ ఆయన ఫోను నేను ఎత్తలేదు. ఆ రోజు ఎత్తాను. ఆ శ్రద్ధగా వినే మనిషి గొంతు ఎంత బాగుంటుందో విని ఏడుద్దామనే ఎత్తాను.

గొంతు మామూలుగా ఉంది. కాస్త జలుబు చేసినట్టుంది. వెనకాల ఎవరో పిల్లలు కొట్టుకుంటున్నారు. లాప్‌టాప్ ఇప్పుడు బాగా నడుస్తోందని, సార్‌కి థాంక్స్ చెబుదామని చేసిందట. స్నానంలో ఉన్నారు, చెప్తానన్నాను. పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు.

“మీరు వారి మిసెస్సా అండీ? మావారిదీ ఇదే పని. కానీ ఆయన్ని అడగాలంటే భయం. నోరు తెరవకముందే ఏం నొక్కి తగలేశావంటారు. మొన్న వాళ్ళ ఆఫీసులో ఎవరో ఆవిడకి ఫోనులో పాఠం చెప్పినట్టు మెత్తగా చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను.” ముక్కు చీదుకుంది. “ఏమీ అనుకోకండి. మీరు అదృష్టవంతులండీ.”

చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ, “అవునండీ, ఆయనకి ఓపిక ఎక్కువ” అన్నాను. ఇంటి పరువు కాపాడటం కూడా ఇంటి పనే మరి. అంట్లు తోమినట్టే, దానికీ సెలవు లేదు.

ఫోను పెట్టాక నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. మా ఇంటి పల్లకీ వాళ్ళింటికి వెళుతోంది, వాళ్ళింటిది ఇంకెవరింటికో. ఆవిడ మీద కుళ్ళు పోయింది. అసూయ మాత్రం పోలేదు. అది ఇప్పుడు ఆవిడ భర్త పాఠం చెప్పిన ఆ ఎవరో ఆఫీసావిడ మీదికి, ఆవిడతో కలిసి పనిచేసే వాళ్ళందరి మీదికి పాకింది. పొద్దున్నే తలుపు వేసి, చెప్పులేసుకుని, తన కోసం ఒక గొంతు మెత్తబడే చోటికి నడిచివెళ్ళే ఆడవాళ్ళందరి మీదికీ.

కాసేపటికి మా సూపర్‌వైజర్ ఫోను చేసింది. ఆలస్యంగా మొదలుపెట్టారేమని అడుగుతుందనుకున్నాను. ఇక్కడ సగంమంది మిషన్లు ఇంకా తెరుచుకోలేదు, మీది ఎలా తెరుచుకుందని అడిగింది. నేనే బాగుచేసుకున్నానని, ఎలాగో వరసగా చెప్పాను. రాసుకుంది. తర్వాత, ఆఫీసులో ఫైళ్ళు సరిచూసే సీటు ఒకటి ఖాళీ అయిందనీ, నా పనిలో తప్పులు తక్కువ కాబట్టి నా పేరే అనుకుంటున్నామనీ, అయితే రోజూ రావాలనీ చెప్పింది.

“ఇంట్లో కనుక్కుని చెప్తారా?” అంది.

గోడ అవతల ఆయన మళ్ళీ ఎవరితోనో మాట్లాడుతున్నారు. మాటలు వినలేదు.

“కనుక్కునేదేం లేదండీ. సోమవారం నుంచి వస్తాను,” అన్నాను.

సాయంత్రం ఆయనకి ఖాళీ దొరికింది. ఏదీ, తీసుకురా అన్నారు, సోఫాలో కూర్చుని చెయ్యి చాపి. పొద్దునే బాగైందన్నాను. ఎవరు చేశారన్నారు. నేనేనన్నాను. నమ్మకంగా నవ్వి, దానంతట అదే అయ్యుంటుంది, ఒక్కోసారి అలాగే అవుతాయి అన్నారు. వాదించలేదు. సోమవారం నుంచి నేను ఆఫీసుకి వెళతాననీ, పొద్దున పాపని బస్సు దగ్గర ఆయనే దింపాలనీ, బట్టల సంగతి అత్తయ్యా ఆయనా చూసుకోవాలనీ చెప్పాను. అత్తగారు టీవీ శబ్దం తగ్గించారు. ఆయన కాసేపు నా ముఖం వంక చూశారు. చాలా రోజుల తర్వాత అంతసేపు చూశారు.

“హాయిగా ఇంట్లో కూర్చుని చేసుకునే పని. మనవాళ్ళ మధ్య నీకేం లోటు చేశాం?” అన్నారు. గొంతు పెంచలేదు. నిజంగానే అడిగారు.

మడతపెట్టిన చొక్కాలు ఆయన పక్కన పెట్టి చెప్పాను.

“మనవాళ్ళకి లోటు లేదండీ. రోజుకి కాసేపైనా నాకు పరాయివాళ్ళు కావాలి.”