చారి కాక నింపిన ఇంకు

గురువారం వచ్చిందంటే సూరత్ లింబాయత్‌లోని పద్మారాణి జిరాక్స్ దుకాణం ముందు బ్రహ్మచారి అనే పెద్దాయన సైకిల్ ఆగేది. హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో నాలుగు ఇంకు సీసాలు, ఒక సిరంజి, ఒక ముతక గుడ్డ ఉండేవి. జగిత్యాల పక్క పల్లె నుంచి పద్దెనిమిదేళ్లప్పుడే సూరత్ వచ్చినవాడాయన. పాండేసరలోని ఒక డైయింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు బట్టలకు రంగులు కలిపాడు. మిల్లు మానుకున్నాక దుకాణాల్లో ప్రింటర్లకు ఇంకు నింపుతూ తిరిగేవాడు. అందరికీ చారి కాక.

"గిది నలుపు గాదు బిడ్డా. నీలం ఎక్కువైంది దీంట్ల" అని బజారు ఇంకును తీసిపారేసి, తన సీసాలోది పోసేవాడు. పద్మారాణికి ఏ తేడా కనిపించేది కాదు. అయినా తల ఊపేది.

భర్త శ్యాంసుందర్ పొద్దున్నే మగ్గాల షెడ్డుకు వెళ్లిపోయేవాడు. దుకాణం ఆమె ఒక్కతే చూసుకునేది. ఆ గల్లీ నిండా తెలంగాణ వాళ్లే. ఆధార్ కాపీలు, రేషన్ కార్డులు, పిల్లల బడి కాగితాలు, అన్నీ ఆ చిన్న ప్రింటర్ మీదే. దానికి కంపెనీ ఇంకు డబ్బీలు, అంటే కార్ట్రిడ్జ్‌లు, వేసే స్తోమత గల్లీలో ఎవరికీ లేదు. బయట దొరికే డబ్బీలు కొని వేయడం, చారి కాక నింపడం, మూడేళ్లుగా అలాగే నడిచింది.

ఇంకు నింపడం పావుగంట పని. కాక మాత్రం గంట కూర్చునేవాడు. చాయ్ తాగుతూ మిల్లు ముచ్చట్లు చెప్పేవాడు. హోళీ మరునాడు రంగులు కలిపే విభాగం వాళ్లంతా టెంపో ఎక్కి డుమస్ బీచికి వెళ్లి, వేడి వేడి టమాటా భజియాలు తిని, సముద్రం బురదలో చెప్పులు పోగొట్టుకుని వట్టి కాళ్లతో ఇల్లు చేరిన సంగతి కనీసం పదిసార్లు చెప్పి ఉంటాడు. పదిసార్లూ పద్మారాణి కొత్తగా విన్నట్టే నవ్వింది. ఆ రోజుల్లో గల్లీలో మగ్గాల మోత ఎంతగా ఉండేదంటే, ముచ్చట చెప్పాలన్నా గట్టిగా అరవాల్సి వచ్చేది.

రెండు వేల ఇరవై మార్చిలో ఆ మోత ఒక్కసారిగా ఆగిపోయింది.

మే నెల వచ్చేసరికి గల్లీలో సగం మంది ఊళ్లకు పోవడానికి సిద్ధపడ్డారు. ఊరి బయట జోల్వా మగ్గాల్లో పనిచేసే నరేశ్ అనే కుర్రాడు తిరిగి తిరిగి ఒక బస్సు మాట్లాడాడు. అతని భార్య సంతోషికి ఏడో నెల. ముప్పై ఆరు మంది పేర్లతో జాబితా, ఒక్కొక్కరికీ ఒక దరఖాస్తు, ఆధార్ నకలు మరునాడు పదకొండు గంటలకల్లా కలెక్టర్ ఆఫీసులో ఇస్తేనే బస్సుకు పాసు ఇస్తామన్నారు. చుట్టుపక్కల తెరిచి ఉన్నది పద్మారాణి దుకాణం ఒక్కటే. అదీ పొద్దున కొద్దిసేపు.

దరఖాస్తు ఇంటర్నెట్‌లో ఉంది. ఆమె తన ఫోన్ నుంచి కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ నెట్ కలిపి దాన్ని దింపింది. అంతలో తెరమీద ఇంగ్లీషులో ఏదో పెట్టె వచ్చింది. అప్‌డేట్ అన్న మాట ఒక్కటే అర్థమైంది. బయట జనం తొందర పెడుతున్నారు. ఓకే నొక్కింది. ప్రింటర్ తనంతట తానే ఆగి, మళ్లీ మొదలై, ఎర్ర లైటు వేసింది. డబ్బీ కంపెనీది కాదు, మార్చమంది. తీసి పెట్టింది. తుడిచి పెట్టింది. అదే మాట.

కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడింది. అప్‌డేట్ మీ ప్రింటర్ భద్రత కోసమేనంది. పాతది మళ్లీ పెట్టడం కుదరదంది. అసలు డబ్బీ కొనుక్కోమంది.

"దుకాన్లన్నీ బంద్ ఉన్నయి మేడం. యాడ కొనాలె?" అన్న మాట కంగారులో తెలుగులోనే అనేసింది పద్మారాణి. అవతల అమ్మాయి అర్థం కాక, ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది.

నరేశ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అక్కా, ఇప్పుడెట్ల? సంతోషిని బస్సుల గాకుంటె నడిపిచ్చుకపోవాల్నా?"

ఆ ఓకే నొక్కింది పద్మారాణి వేలే. ఆమె చారి కాకకు ఫోన్ చేసింది.

ఆయన మూతికి తువ్వాల చుట్టుకుని సందుల్లోంచి నడిచి వచ్చాడు. సంగతి వినగానే ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏండ్లు రంగు కలిపిన. నా రంగు పనికి రాదని మిషిన్ చెప్తదా?" అంటూ డబ్బీ తీసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"బిడ్డా, ఇది రంగును జూస్తలేదు. ఇగో, గీ రాగి బిళ్లను జూస్తుంది. మిల్లు గేటు కాడ వాచ్‌మన్ గట్లనే ఉంటుండె. ఇరవై ఏండ్ల సంది రోజు జూసే మొఖమే, అయినా పాసు మర్చిపోతె లోపలికి రానీయకపోతుండె. కంపెనీ బిళ్ల ఉన్న పాత డబ్బీ ఒక్కటి దొరకాలె. నింపుడు నా పని."

పాత డబ్బీలు ఎక్కడుంటాయి? పద్మారాణికి మొండయ్య గుర్తొచ్చాడు. గల్లీ చివర చిత్తు సామాను కొనే మనిషి. రింగ్ రోడ్డు ఆఫీసుల నుంచి తెచ్చిన ప్లాస్టిక్ అంతా లాక్‌డౌన్ వల్ల అమ్ముడుపోక ఆయన ఇంటి ముందే గోతాల్లో పడి ఉంది.

"తీస్కోండ్రి, ఎవలు గొంటున్నరు" అని మొండయ్య తానే మూడు గోతాలు కుమ్మరించాడు.

నలుగురూ ఎండలో కూర్చుని వెతికారు. చీర ముక్కలతో కుట్టుకున్న మాస్కులు చెమటకు తడిసిపోయాయి. కాక చేతులు వెతుకుతుంటే నోరు ముచ్చట చెబుతూనే ఉంది. మిల్లులో మొదటి రోజు తాను కలిపిన గులాబీ రంగు బస్తాల కొద్దీ చీరలను పాడుచేసిందనీ, మేస్త్రీ కొట్టకుండా భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కలిపించాడనీ చెప్పాడు. నరేశ్ ఆ రోజుల్లో మొదటిసారి నవ్వాడు. రెండో గోతం అడుగున పద్మారాణికి ఒక నల్ల డబ్బీ దొరికింది. అదే కంపెనీ, అదే నంబరు. లోపల ఇంకు గట్టిపడి ఉంది.

కాక గోరువెచ్చటి నీళ్లలో దాని మూతిని నానబెట్టి, గుడ్డతో అద్ది, సిరంజితో చుక్క చుక్కగా నింపాడు. ప్రింటర్‌లో పెట్టగానే ఇంకు లేదని ఒకసారి గొణిగింది గానీ, ఎర్ర లైటు ఆరిపోయింది. మొదటి కాగితం మీద తెల్ల గీతలు పడ్డాయి. రెండోదీ అంతే. మూడో కాగితం మీద అక్షరాలు నిండుగా వచ్చాయి. పద్మారాణి ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడ్చేసింది.

ముప్పై ఆరు దరఖాస్తులూ అయ్యాక కాక జేబులోంచి రెండు ఆధార్ కార్డులు తీశాడు. తనదీ, భార్య వెంకటవ్వదీ.

"జాబితాల ఇద్దరు వస్తలేరట. నరేశ్‌ను అడిగిన, జాగ ఉన్నదన్నడు. మాయి గూడ రాయి బిడ్డా."

"నువ్వు గూడ పోతున్నవా కాకా? జెప్పనే లేదు."

"ఎట్ల జెప్పాలె? వెంకటవ్వ గీ ఒక్క అర్ర ఇంట్ల భయపడుతుంది. దుకాన్లు లేకుంటె నాకేం పని ఈడ?"

పద్మారాణి పెన్ను పట్టుకుంది. పేరు, ఊరు, వయసు రాసింది. వృత్తి అన్న గడి దగ్గర ఆగింది. "ఏం రాయాలె కాకా?"

ఆయన కొంచెం సిగ్గుపడుతూ, "రంగు మాస్టర్ అని రాయి" అన్నాడు.

మరో రెండు రోజులకు పర్వత్ పాటియా దగ్గర నుంచి బస్సు కదిలింది. కాక సంచి మొత్తం ఆమె చేతికిచ్చాడు. ఆమె ఫోన్లో ఆయన చెబుతుంటే నింపడం నేర్చుకుంది. ప్రింటర్‌ను మళ్లీ ఎప్పుడూ నెట్‌కు కలపలేదు. మొదట్లో ఇంకు వేళ్ల మీద ఒలికేది. తర్వాత ఆయన సాయం అక్కర లేకపోయినా, ఏదో ఒకటి తెలియనట్టు ఫోన్ చేసేది.

సంతోషికి ఊళ్లోనే ఆడపిల్ల పుట్టింది. దీపావళి తర్వాత నరేశ్ జోల్వా తిరిగొచ్చాడు. శ్యాంసుందర్ షెడ్డు కూడా తెరిచారు. చారి కాక మాత్రం రాలేదు. మోకాళ్లు సహకరించడం లేదన్నాడు. మరుసటి ఏడు చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. మొండయ్య ఎట్లున్నడు, మూల మీది చాయ్ అతను బతికే ఉన్నడా, గల్లీల ఇంకా నీళ్లు నిలుస్తున్నయా అని ఒక్కొక్కటే అడిగాడు. పద్మారాణి ఒక్కొక్కటే చెప్పింది.

"ఇగ ఉంట బిడ్డా" అన్నాడు.

"మంచిది కాకా."

కాక ఫోన్ పెట్టలేదు. ఆమె వెనకనుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోందేమో, చాలాసేపు వింటూ ఉండిపోయాడు. ఆమె కూడా పెట్టెయ్యకుండా ఫోన్‌ను గుమ్మం బయటికి కొంచెం చాపి పట్టుకుంది.