మూడో ప్రశ్న

గురునాథానికి తన తెలుగంటే మహా గర్వం. రాయపూర్‌లో పుట్టి, హిందీ బడిలో చదివి, తండ్రి దగ్గర పలక మీద అక్షరాలు దిద్దుకున్నవాడికి ఆ మాత్రం గర్వం ఉండకూడదా అంటే, ఉండొచ్చు. కానీ ఆ గర్వమే కొంప ముంచింది. మునిగింది అతని కొంప కాదు, అదీ బాధ.

ఆ ఊళ్ళోనే తెలీబంధా పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అతను టెక్నీషియను. అక్కడి ఛాతీ డాక్టరు చంద్రాకర్ తొంభై ఏడులో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. గురక పెట్టేవాళ్ళలో కొందరికి నిద్రలో గొంతు మూసుకుపోయి గాలి ఆడదు. ఉలిక్కిపడి ఊపిరి తీసుకుంటారు, మళ్ళీ నిద్రలోకి జారతారు, మళ్ళీ గొంతు మూసుకుపోతుంది. రాత్రికి వందసార్లు జరిగినా ఆ మనిషికి తెలియదు, పక్కన పడుకున్న పెళ్ళానికి తెలుస్తుంది. పగలంతా కునుకుపాట్లు, పొద్దున్నే తలనొప్పి, బీపీ, చివరికి గుండె మీదికి వస్తుంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం దాన్ని బద్ధకం అనుకుని నవ్వుకుంటారు.

దీనికి మందు లేదు గానీ మిషను ఉంది. ముక్కుకి మాస్కు తగిలించి గాలి తోస్తూ ఉంటే గొంతు మూసుకోదు. చంద్రాకర్ కాళ్ళరిగేలా తిరిగి, ఒక కంపెనీని బతిమాలి, ఆరు మిషన్లు అరువు తెచ్చాడు. రైల్వే కాలనీలోనూ, భన్‌పురి కార్ఖానాల పక్కనా అరవై మూడు ఇళ్ళు ఎంచుకున్నారు. మగవాళ్ళు డ్యూటీకి పోయిన వేళ వెళ్ళి ఆడవాళ్ళను ఐదు ప్రశ్నలు అడగాలి. మూడో ప్రశ్నకి అవునంటేనే ఆ మనిషిని ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి, వేలికి క్లిప్పు, ఛాతీకి పట్టీ పెట్టి పరీక్ష చేస్తారు. లేదంటే ఆ కాగితం అక్కడితో సరి.

ఆ మూడో ప్రశ్నని డాక్టరు హిందీలో "సోతే సమయ్ సాఁస్ అటక్‌తీ హై క్యా?" అని రాశాడు. నిద్రలో ఊపిరి ఎక్కడైనా చిక్కుకుంటుందా అని. అరవై మూడింట్లో ఇరవై మూడు మన తెలుగువాళ్ళ ఇళ్ళు. అక్కడి పెద్దవయసు ఆడవాళ్ళకి హిందీ అంటే కూరల బజారు వరకే. అందుకని కాగితం తెలుగులోకి మార్చే పని గురునాథం మీద పడింది. పడిందేమిటి, అడిగి మరీ తీసుకున్నాడు. 'అటక్‌తీ' దగ్గర కాసేపు ఆగాడు. చిక్కుకుంటుందా, అడ్డుపడుతుందా, పట్టేస్తుందా... ఏది రాసినా నాటుగా తోచింది. చివరికి "నిద్రలో మీ భర్తకు ఊపిరి ఆగిపోతుందా?" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, రెండుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

ఆ ఇరవై మూడిళ్ళలో దానయ్య ఇల్లొకటి. దానయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపునుంచి గురునాథం తండ్రీ అతనూ ఒకే రైల్లో వచ్చారు. గురునాథానికి అతను బాబాయ్. చేతిలో ముద్ద నోటికి చేరేలోగా కునుకు తీసే మనిషి. ఒకసారి పెళ్ళిపందిట్లో ముందు వరసలో కూర్చుని గురక పెడితే, పంతులు మంత్రం ఆపి మరీ నవ్వాడు. వర్క్‌షాపులో అందరికీ కుంభకర్ణుడే. అతనూ నవ్వేవాడు, కానీ ఇంటికొచ్చాక మొహం చిన్నబుచ్చుకునేవాడని భార్య పైడమ్మ చెప్పేది. ఆ ఇంటిని జాబితాలో చేర్చింది గురునాథమే. మొదటి మిషను మా బాబాయికే ఇవ్వాలని డాక్టరుతో ముందే అని పెట్టాడు కూడా.

గురునాథం వెళ్ళేసరికి పైడమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. గురక ఉందా అంటే నవ్వింది. "అదేటి బాబూ, పక్క క్వార్టరోళ్ళు ఖిడికీ బందు సేసుకుంతారు గదా." పగలు కునుకు ఉందా అంటే దానికీ నవ్వింది. అతను మూడో ప్రశ్న చదివాడు, గొంతు సవరించుకుని, స్పష్టంగా.

పైడమ్మ చేతిలోని చింతపండు చాటలో పడింది. జిగట చెయ్యి తుడుచుకోకుండానే మెళ్ళో పుస్తెలు పట్టుకుంది. "నేదు బాబూ," అంది. "సుబ్బరంగా నిద్రపోతాడు. ఆయనకేటి."

గురునాథం ఆ చేతిని చూశాడు. చూసి, 'లేదు' అని రాసుకున్నాడు. డాక్టరు గట్టిగా చెప్పాడు మరి, వాళ్ళ నోట వచ్చిందే రాయాలి, మన ఊహ కలపకూడదు అని. బాబాయికి ఈ జబ్బు లేదన్నమాట, పోనీలే, మంచిదేగా అనుకుంటూ సైకిలెక్కాడు.

లెక్క తేలింది. హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే నలభై ఇళ్ళలో పదిహేడు మంది అవునన్నారు. తెలుగు ఇళ్ళు ఇరవై మూడింట్లో ఒక్కరూ అనలేదు. చంద్రాకర్ కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి, "మీవాళ్ళ గొంతులే వేరేమో గురునాథ్‌జీ," అన్నాడు. "ఇది పత్రికకి పంపే వ్యాసంలో రాయాల్సిన సంగతి. మీ పేరు కూడా వేద్దాం." పదిహేడు మందికి పరీక్ష చేస్తే నలుగురికి జబ్బు తేలింది. నాలుగు మిషన్లు వెళ్ళాయి. మిగతా రెండూ ప్లాస్టిక్కు కవరు విప్పకుండా బీరువాలో ఉండిపోయాయి.

అచ్చులో పేరు పడుతుందంటే మాటలా? మోవా పేటలో ఇంటికి వెళ్ళి భార్య రమణమ్మకి ఆ తెలుగు కాగితం చూపించాడు. ఆవిడ అన్నం వారుస్తూ, ఒక చేత్తో పట్టుకుని చదివింది. మూడో ప్రశ్న దగ్గర మొహం ముడుచుకుంది.

"ఇదేంటండీ, ఏ పెళ్ళాం అవునంటుంది దీనికి?"

"ఏం, ఎందుకనదు?"

"ఊపిరి ఆగిపోవడమంటే ఏంటో మీకు తెలీదా? మొగుడి గురించి ఆ మాట నోటితో అంటారా ఎవరైనా? నేనైతే చచ్చినా అనను."

"నీకేం తెలుసు, ఇది వైద్యం," అని కసిరాడు. కసిరాడే గానీ పైడమ్మ చెయ్యి పుస్తెల మీదికి పోవడం కళ్ళకి కట్టింది. తన తల్లి చెయ్యీ అలా పుస్తెల మీదికి పోవడం ఎన్నిసార్లు చూడలేదు? డాక్టరుకి తెలియకపోవడంలో వింత లేదు. తనకి తెలియాలి. తెలుగు తనకే వచ్చని కదా ఆ పని తీసుకున్నది.

మర్నాడే డాక్టరుతో చెప్పేయాలనుకున్నాడు. వెళ్ళేసరికి ఆయన వ్యాసం టైపు చేయిస్తున్నాడు, మూడో పేరు గురునాథానిది. ఇప్పుడు నా తెలుగు తప్పు అని ఎలా చెప్పడం? వ్యాసం పోస్టు చేశాక చెబుదామనుకున్నాడు. పోస్టయింది. ఆయన మీటింగుకి రాంచీ వెళ్ళాడు, తిరిగొచ్చాక చెబుదామనుకున్నాడు. వచ్చాడు. మంగళవారం కదా, రేపు చెబుదాం. ఇలా మూడు వారాలు దొర్లించాడు. దొంగతనం చేసినవాడికైనా రాత్రి నిద్ర పట్టదంటారు. ఇతనికి హాయిగా పట్టింది, అదే తర్వాత తల్చుకుని తల్చుకుని ఏడ్చాడు.

చివరికి ఒక సోమవారం, బీరువాలో దూది కోసం చెయ్యి పెడితే ఆ రెండు మిషన్ల కవరు తగిలింది. తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళి చెప్పేశాడు. చంద్రాకర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తెలుగు కాగితం చేతిలోకి తీసుకుని, "మరి ఏమని అడగాలి?" అన్నాడు.

"రాత్రి ఎన్నిసార్లు తట్టి లేపుతావమ్మా అని అడగాలి సార్. దానికి చెప్తారు."

"అయితే ఇవాళే వెళ్ళండి. వ్యాసం నేను వెనక్కి తెప్పిస్తాను."

గురునాథం ముందు దానయ్య ఇంటికే వెళ్ళాడు. వీధి మలుపు తిరగగానే క్వార్టరు ముందు చాప, దాని మీద వర్క్‌షాపు మనుషులు, గడప పక్కన వెలుగుతున్న దీపం కనిపించాయి. సైకిలు దిగాడు. చాప మీది జోగయ్య, దానయ్యతో కలిసి పనిచేసే ఫిట్టరు, లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "గురువారం మజ్జాన్నం, నైటు డ్యూటీ సేసొచ్చి పడుకున్నాడు. లేవనేదు. నీకు ఖబరు పంపుదారని మరిసిపోనాం."

పైడమ్మ లోపల గోడకి ఆనుకుని కూర్చుంది. పెద్దకర్మ ఇంకా కాలేదు, మెళ్ళో పుస్తెలు ఉన్నాయి. చెయ్యి మాత్రం వాటి మీద లేదు. గురునాథం ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఆగిపోయీది బాబూ," అంది. ఏడుపు లేదు గొంతులో. "నువ్వడిగినావే ఆ వేళ. ఊపిరి ఆగిపోయీది. పెళ్ళయిన కాడినుంచీ సూస్తన్నాను. ఆగిపోగానే బుజం మీద తట్టీదాన్ని, మళ్ళీ వొచ్చీది. తెల్లార్లూ అదే పని నాకు. పగలు పడుకుంటే పక్కన కూకుని బియ్యం ఏరుకునీదాన్ని, సెయ్యి ఆయన మీదే ఉంచి. గురువారం నల్లో నీళ్ళొచ్చినాయని బకెట్టు పట్టుకెళ్ళినాను. లైను పెద్దగుంది. అరగంట బాబూ, అరగంటే."

మిషను సంగతి గురునాథం మొదటిరోజే చెప్పి ఉన్నాడు, ఆవిడ ఇప్పుడు దాని గురించే అడిగింది.

"ఆ డాకటరు మిషనుంటే బతికీవోడేటి?"

"చెప్పలేం పిన్నీ," అన్నాడు. అబద్ధం కాదు, నిజమూ కాదు.

"ఆ మాట నా నోటితో అంటే నిజంగా అయిపోద్దని బయమేసింది. అన్నేదు. అయినా అయిపోనాది." పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అతని మొహం చూసి, పాపం, అతన్నే ఓదార్చింది. "నువ్వు బాద పడకు. నువ్వేటి సేస్తావు? మనోడివని ఇంటికొచ్చి అడిగినావు. సెప్పందాన్ని నానే. అవునా కాదా?"

లేదు పిన్నీ, నువ్వు చెప్పినట్టే లెక్క, నీ చెయ్యి చెప్పింది, నాకు మూడు వారాల కిందటే తెలుసు. ఈ మాటలన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. వాటిలో ఒక్కటంటే ఒక్కటి బయటికి తోస్తే చాలు, ఆవిడ తలమీది బరువు దిగిపోయేది. పైడమ్మ అతని జవాబు కోసం చూస్తోంది.

గురునాథం తల ఊపాడు. అవును పిన్నీ, నువ్వే చెప్పలేదు అన్నట్టుగా ఊపాడు.